ఫ్యాను ఆపి విన్న మాటలు

మా ఆయన మస్కట్‌లో కారు డ్రైవరు. పెళ్ళయిన రెండో ఏడే వెళ్ళారు. అప్పట్లో మా రాజోలు వైపు పల్లెల్లో ఫోనున్న ఇల్లు వెతుక్కోవాలి. అందుకని క్యాసెట్లు పంపుకునేవాళ్ళం. ఒకవైపు ఆయన మాట్లాడి పంపితే, రెండోవైపు నేను మాట్లాడి తిప్పి పంపేదాన్ని. సెలవుకి వచ్చేవాళ్ళెవరో తెచ్చేవారు, తిరిగి వెళ్ళేవాళ్ళెవరో పట్టుకెళ్ళేవారు.

క్యాసెట్ వచ్చిందంటే మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అత్తగారు వీధి తలుపు వేసేవారు. టేప్ రికార్డర్‌ని మంచం మీద పెట్టి, ఆ రొదలో ఒక్క మాట పోతుందేమోనని ఫ్యాను ఆపేసేవాళ్ళం. మండువేసవైనా సరే. రవికె తడిసి వీపుకి అంటుకుపోతున్నా కదిలేవాళ్ళం కాదు.

"అబ్బాయి దగ్గేడు చూడవే. మళ్ళీ వెనక్కి తిప్పు," అనేవారు అత్తగారు. ఆవిడకి మాటలకంటే దగ్గు ముఖ్యం.

అక్కడ ఆయనా అంతేనట. గదిలో జనం ఎక్కువని, సెలవు రోజున కారులో కూర్చుని, అద్దాలెత్తి, ఏసీ ఆపి మరీ వినేవారట. ఎంత శ్రద్ధగా విన్నారో తర్వాతి క్యాసెట్‌లో తెలిసిపోయేది.

"నీ వెనకాల కాయలు పడుతున్న చప్పుడైంది. కొబ్బరి దింపు తీయించేరా? మధ్యలో ఒకచోట ఆగేవు. ఏడ్చేవు కదా? నా దగ్గర దాచకు. వచ్చేయమను, వచ్చేస్తాను. ఒక్క మాట చాలు."

ఆ ఒక్క మాట నేను అనలేదు. పెంకుటిల్లు కారిపోతోంది, డాబా వేసుకోవాలి. ఎలా అంటాను? అయినా సముద్రానికి అవతల కూర్చుని, నేను మాట్లాడని చోటు కూడా విన్న మనిషి ఒకడున్నాడన్న ధీమాతో ఏళ్ళు వెళ్ళదీశాను.

తర్వాత డాబా లేచింది. అత్తగారు పోయారు. మాకు పిల్లల్లేరు. సెల్‌ఫోన్లు వచ్చాక, ఆయన సెలవుకి వచ్చినప్పుడు ఒకటి నా చేతిలో పెట్టి, "ఇంక రోజూ మాట్లాడుకోవచ్చు," అన్నారు. చిన్నపిల్లలా మురిసిపోయాను.

రోజూ మాట్లాడుకున్నాం. అక్కడే వచ్చింది చిక్కు. ఆయన వెనకాల టీవీ మోగుతుండేది. మెసేజ్ వచ్చిన చప్పుడయ్యేది. రెండో ఫోను మోగేది. నేను చెప్పుకుపోతుంటే ఆయన "ఊఁ, ఊఁ" అంటూ పోయేవారు. కథకి ఊ కొట్టేవాళ్ళైనా కాస్త విని కొడతారు! నేనూ తక్కువ తినలేదు లెండి. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, చేపలు తోముతూ, సీరియల్ మీద ఒక కన్నేసి ఉంచేదాన్ని. ఒకరోజు మాత్రం ఒళ్ళు మండి, "పెరట్లో ఏనుగుని కట్టేసేనండి," అన్నాను.

"ఊఁ, మంచిపని చేసేవు," అన్నారు.

ఫోను పెట్టేశాక పడీపడీ నవ్వాను. ఆ నవ్వు వినడానికి ఇంట్లో ఎవరూ లేరు. అప్పుడొచ్చింది ఏడుపు.

ఆ ఏడు గోదావరి వరద తీశాక ఇంక ఆగలేకపోయాను. "ఏమండీ, వచ్చేయండి. ఒక్కదాన్నీ ఉండలేకపోతున్నాను," అనేశాను. అన్నేళ్ళు నాలుక చివర ఆపుకున్న మాట అది.

"ఊఁ, అలాగే," అన్నారు.

ఆ రాత్రి నిద్రపడితే ఒట్టు. మర్నాడు ఫోన్ చేసి, "గేటుకి ఏ రంగు వేయించేవు?" అని అడిగారు. వచ్చే సంగతి ఒక్క ముక్క లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా పని.

మళ్ళీ చెప్పొచ్చుగా అంటారు. అలాంటి మాట ఆ ఫోనులో రెండోసారి చెప్పడానికి నాకు నోరు రాలేదు. అటక మీంచి టేప్ రికార్డర్ దింపాను. ఖాళీ క్యాసెట్ కోసం అమలాపురంలో కొట్లన్నీ తిరిగాను. మధ్యాహ్నం వీధి తలుపు వేసి, ఫ్యాను ఆపి, రమ్మని చెప్పాను. అంతే. ఆవకాయ సీసాతోపాటు, మా పక్కనున్న నగరం ఊరి నుంచి మస్కట్ వెళ్తున్న ఒకాయనకిచ్చి పంపాను.

ఆ తర్వాత ఫోను మోగినప్పుడల్లా చేతిలో పని వదిలేసి తీసేదాన్ని. చివరికి ఒకరోజు ఆయనే ఆ మాట ఎత్తారు.

"క్యాసెట్ అందింది. ఇంకా క్యాసెట్లేంటే నీ మొహం! ఇక్కడ టేప్ రికార్డర్ ఎవడి దగ్గరుంది? కార్లో కూడా సీడీలే. అందులో ఏం చెప్పేవో ఇప్పుడు చెప్పెయ్, వింటున్నాను."

ఆయన వెనకాల టీవీలో ఎవరో పకపకా నవ్వుతున్నారు. నేను లేచి వెళ్ళి ఫ్యాను ఆపాను.

"ఏమండీ, ఒక్కసారి ఆ టీవీ కట్టేస్తారా?"

"ఊఁ," అన్నారు.

టీవీలో నవ్వు ఆగలేదు.