చిలుక పక్కన వాగ్దానాల పెట్టె

పెద్ద అప్పడం నూనెలో పడి విచ్చుకునేటప్పుడు ఒక వాసన వస్తుంది. మినపపిండి, ఇంగువ, మరిగి మరిగి నల్లబడిన నూనె కలిసిన వాసన. మొన్న హన్మకొండలో పని చూసుకుని వస్తుంటే మైదానం గోడ అవతలి నుంచి అదే వాసన వచ్చింది. ఎగ్జిబిషన్ పెట్టినట్టున్నారు. లోపలికి వెళ్లలేదు. గోడ పక్కన కాసేపు నిలబడి ఆటో ఎక్కాను. దారి పొడవునా కరుణమ్మ టీచరే గుర్తొచ్చారు. ఆమె నూనె వస్తువులు ముట్టేవారు కాదు. అయినా ఎనభైల మొదట్లో కొన్నేళ్లపాటు, ఎగ్జిబిషన్ నడిచినన్ని సాయంత్రాలూ ఆ వాసన మధ్యే కూర్చున్నారు.

ఆమె ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పేవారు. పెళ్లి చేసుకోలేదు. మా చర్చి సంఘంలో ఆదివారం లేఖనం చదివేది ఆమే. ఆ గొంతులో వాక్యం విన్నవాళ్లకు తర్వాత బోధ చప్పగా ఉండేదని పెద్దవాళ్లే ఒప్పుకునేవారు. ప్రార్థనలో ఎవరైనా రోగి పేరు, ఊరు, వార్డు, మంచం నంబరుతో సహా చెప్పుకుపోతుంటే ఆమెన్ అయ్యాక పక్కకు పిలిచేవారు. "దేవునికి అడ్రసు అక్కర్లేదయ్యా. నాకు చెప్పు, నేను పోయి చూసొస్త" అనేవారు. అన్నట్టే వెళ్లేవారు కూడా. నేను అప్పుడే ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరాను. మా అమ్మ, "ఆమె వెంట తిరుగు, నాలుగు మంచి మాటలు వస్తయి" అని నన్ను ఆమెకు అప్పజెప్పింది.

వరంగల్‌కు సముద్రం లేదు. సముద్రపు ఒడ్డున ఉండే సందడంతా మాకు ఏటా ఆ ఎగ్జిబిషన్‌లోనే దొరికేది. జెయింట్ వీల్, మృత్యుబావిలో తిరిగే మోటారు సైకిళ్లు, నవ్వించే అద్దాలు, చేతి గాజులు, మిరపకాయ బజ్జీలు. మా సంఘం అందులో ఒక స్టాల్ తీసుకుని సువార్త పుస్తకాలు పెట్టేది. దాన్ని చూసుకునే బాధ్యత కరుణమ్మ టీచర్‌ది. ఆఫీసు అయ్యాక నేనూ వెళ్లి కూర్చునేదాన్ని. మొదటి ఏడు దాదాపు ఎవరూ రాలేదు. జనం వచ్చి అట్టలు చూసి, మా ముఖాలు చూసి, ముందుకు సాగిపోయేవారు. వాళ్లు ఆగేది మా పక్కన. అక్కడ రాజలింగం చిలుక జోస్యం చెప్పేవాడు.

పంజరం, ఆకుపచ్చ రేకు పెట్టె, దాని మీద వరుసగా పేర్చిన మడత చీటీలు, వెనకాల అరచేయి బొమ్మ గీసిన గుడ్డ. అతని దుకాణం అంతే. సంఘ పెద్ద దావీదు సార్‌కు ఆ పొరుగు నచ్చలేదు, చోటు మార్పించాలని చూశారు. కరుణమ్మ టీచర్ వద్దన్నారు. "సోదె చెప్పేవాళ్ల గురించి లేఖనాల్లో ఏమున్నదో నాకు తెలుసు సార్. వాళ్ల పక్క స్టాల్‌ల కూర్చోవద్దని మాత్రం ఎక్కడా లేదు" అన్నారు. జోస్యం పాపమన్న విషయంలో ఆమెకు ఎన్నడూ సందేహం లేదు. నాకూ లేదు, ఇప్పటికీ లేదు. ఆ మాట రాజలింగంతో ముఖం మీదే చెప్పేవారు. అతను తల ఊపి, చాయ్ చెప్పేవాడు.

అతనిది జనగామ దిక్కు. చాలా ఏళ్లు విశాఖపట్నం సముద్రం ఒడ్డున చిలుకతో బతికి, తల్లి మంచాన పడితే ఇటు తిరిగొచ్చాడు. ఒకరోజు గిరాకీ లేనప్పుడు చెప్పాడు. "సముద్రం కాడ జనం నవ్వుకుంట వస్తరు టీచరమ్మా. కొత్త జంటలు, కాలేజి పోరగాండ్లు. లగ్గమైతదా, నౌకరి దొరుకుతదా, గంతే. ఓ అల వచ్చి కాళ్లు తడిపిందంటే నేను జెప్పింది గూడ మర్శిపోతరు. ఈడ గట్ల గాదు. ఈడ దవాఖాన కెళ్లి వస్తాండ్లు, కోర్టు కెళ్లి వస్తాండ్లు. బస్సుకు ఇంకా టైమున్నదని నా ముంగట కూసుంటాండ్లు. గీళ్లకు చెప్పుడంటే భయమైతాంది."

రెండో ఏడు కరుణమ్మ టీచర్ వాగ్దానాల పెట్టె తెచ్చారు. మా సంఘాల్లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక పెట్టెలోంచి ఒక్కొక్కరు ఒక చిన్న కార్డు తీసుకుంటాం. దాని మీద దేవుడు తన ప్రజలకు ఇచ్చిన మాటల్లో ఒకటి రాసి ఉంటుంది. అది ఆ ఏటికి మనకు దొరికిన వాగ్దానం. పర్సులో పెట్టుకుంటాం, గోడకు అంటించుకుంటాం. ఆమె చెప్పుల డబ్బాకు నీలం వెల్వెట్ గుడ్డ అతికించి, తన గుండ్రటి రాతతో కార్డులు రాసి, స్టాల్ ముందు బల్ల మీద పెట్టారు. ఎవరైనా కళ్లు మూసుకుని ఒక మాట ప్రార్థన చేసి తీయవచ్చు. చదువు రానివాళ్లకు ఆమె చదివి వినిపిస్తారు.

రాజలింగం పెట్టె చుట్టూ తిరిగి చూశాడు. "బాగుంది. నా చిల్కకు రోజు జామకాయ, మిర్పకాయ గావాలె. మీ డబ్బకు గది గూడ ఖర్సు లేదు" అన్నాడు.

"నీదీ నాదీ ఒకటి కాదు రాజలింగం. ఇది దేవుని మాట."

"నేను గూడ దేవుని పేరే జెప్తనమ్మా. చిల్క ఊకె తీస్తదా."

అది జవాబివ్వాల్సినంత మాట కాదనుకుని ఆమె కార్డులు సర్దుకున్నారు. వారం తిరిగేసరికి మా ముందు వరుస కట్టారు. నవ్వుతూ వచ్చినవాళ్లు తక్కువ. భర్త తప్పిపోయినామె, పిల్లకు జ్వరం తగ్గని తండ్రి, కొడుకు జైల్లో ఉన్న ముసలాయన. కరుణమ్మ టీచర్ ప్రతి ఒక్కరి కార్డూ నిలబడి చదివేవారు. ఆ గొంతు విని చాలామంది కళ్లు తుడుచుకునేవారు. ఆదివారం సంఘంలో ఆమె సాక్ష్యం చెప్పారు: బరువు మోసేవాళ్లను ఏరి ఏరి దేవుడు మన దగ్గరికి పంపుతున్నాడు. మేమంతా స్తోత్రం అన్నాం. ఆమె ముఖం అంత వెలగడం నేను మళ్లీ చూడలేదు.

ఆ తర్వాతి వారంలోనే కొమురమ్మ వచ్చింది. స్టేషన్ ఘన్‌పూర్ అవతల ఏదో ఊరు. ఆమె భర్త సారయ్యకు దున్నేటప్పుడు నాగలి కర్రు దిగి, పాదం నల్లబడి, విషం పైకి ఎక్కుతోంది. పెద్ద దవాఖానలో డాక్టరు కాలు తీసేయాలన్నారు, వేలిముద్ర వేయమన్నారు. వేయాలా, ఇంటికి తీసుకుపోయి ఆకు పసరు కట్టించాలా? ఆమె అడిగింది అదొక్కటే. కళ్లు మూసుకుని కార్డు తీసింది. దేవుడు తన వాళ్ల ఎముకల్లో ఒక్కటి కూడా విరగనీయడనే భావం గల వాక్యం వచ్చింది. కరుణమ్మ టీచర్ ఎప్పటిలాగే నిలబడి, ఎప్పటిలాగే చదివారు.

కొమురమ్మ విని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "అయితె బొక్కలు ముట్టద్దన్నడన్నట్టు. ఇంక నాకు ఫికర్ లేదు తల్లీ. పొద్దుగూకకముందే తీస్కపోత" అని, కార్డు కొంగున ముడేసుకుని జనంలో కలిసిపోయింది.

కరుణమ్మ టీచర్ ఇంకా నిలబడే ఉన్నారు. పక్క నుంచి రాజలింగం అడిగాడు. "గామెకు ఏమొచ్చింది టీచరమ్మా? నా కాడికే వచ్చింది ముందుగాల. నేనే మీ కాడికి పంపిన."

"నువ్వెందుకు పంపినవ్?"

"పానం ముచ్చటైతే నేను చీటీ తియ్యనియ్యనమ్మా. తప్పినోళ్లు, జైలుకు పోయినోళ్లు, దవాఖానల పడ్డోళ్లు, అందర్ని మీ దిక్కే పంపుతాన గద. మీకు దేవుడున్నడు. నాకు చిల్కనే ఉంది. ఒకపాలి మంచిగైతడని జెప్పి, ఆడు సచ్చిపోతే, ఆళ్ల తమ్ములు నన్ను ఉరికిచ్చి కొట్టిన్రు."

మంచితనంతో అన్న మాట కాదది, తన వీపు సంగతి. కానీ ఆ మాట విన్నాక ఆమె పెట్టె మూత పెట్టేశారు. "స్టాల్ జర చూడు" అని అతనికే చెప్పి నన్ను వెంటబెట్టుకుని దవాఖానకు బయలుదేరారు. రిక్షాలో కళ్లు మూసుకుని కూర్చున్నారు. ప్రార్థన చేసుకుంటున్నారేమో అనుకున్నాను. కొమురమ్మ బయలుదేరకముందే చేరుకోవాలన్నదే నా ఆలోచన.

వార్డులో కొమురమ్మ గిన్నెలు మూట కడుతోంది. సారయ్య గోడకు ఒరిగి మంచం మీద కూర్చుని ఉన్నాడు. కరుణమ్మ టీచర్ ఆయాసపడుతూనే అన్నారు. "కొమురమ్మా, మూట విప్పు. డాక్టరు చెప్పినట్టు చేయనీయి."

"గిప్పుడే గద నువ్వు జదివింది, బొక్కలు కాపాడుతడని."

"చదివిన. ఆ మాట నిజమే. కానీ అది సారయ్య కాలు గురించి చెప్పింది కాదు. నీ చెయ్యి ఇంకో కార్డు మీద పడితే ఇంకోటి చదివేదాన్ని."

"మరి దేవునికి మొక్కి తియ్యమంటివి?"

"అన్న. అట్ల అనుడు నా తప్పు."

కొమురమ్మ మూట వదిలి లేచి నిలబడింది. "అయితె దేవుడు అబద్ధమాడిండా, నువ్వాడినవా? గదొక్కటి జెప్పు."

చుట్టుపక్కల మంచాలవాళ్లు ఇటు తిరిగారు. లేఖనాల్లోంచి ఏదో ఒక జవాబు ఆమె తీస్తారని నేను ఎదురుచూశాను. సంఘంలో ఎంత చిక్కు ప్రశ్నకైనా ఆమె దగ్గర వాక్యం ఉండేది. ఆమె వాక్యమేదీ చెప్పలేదు. "నేనే ఆడిన. దేవుని పేరు మీద నేనాడిన" అన్నారు.

"మరి కాలు తీస్తె బతుకుతడా?"

"నాకు తెల్వదు."

"నీకు తెల్వదా?"

"తెల్వదు బిడ్డా. డాక్టరుకు నాకన్న ఎక్కువ తెలుసు. నేను ప్రార్థన చేస్త. ఈడనే కూసుంట. నువ్వు పొమ్మన్నా పోను."

అప్పటిదాకా నోరెత్తని సారయ్య అన్నాడు. "ఓసారి ఆ అమ్మను కూసోనియ్యే, నిలబడి నిలబడి దమ్ము తీస్తాంది. నా కాలు మీద మీ ఇద్దరి కొట్లాటేంది? కోస్తే కొయ్యనీయిండ్లి. నొస్తాంది నాకు."

కొమురమ్మ ఏడుస్తూనే వేలిముద్ర వేసింది. మర్నాడు ఆపరేషన్ అయింది. కరుణమ్మ టీచర్ బడికి సెలవు పెట్టి, చెప్పినట్టే అక్కడే కూర్చున్నారు. సారయ్య బతికాడు. చంకకర్రలతో ఇంటికి పోయే రోజు కొమురమ్మ ఆమెతో అంది: "నీ మాట ఇంటె సచ్చేటోడు, నీ మాట ఇంటేనే బతికిండు. నిన్నేమనాల్నో నాకు సమజైతలేదు." మళ్లీ ఆమె మాకు కనిపించలేదు. మా సంఘానికీ రాలేదు.

పెట్టె సంగతి సంఘంలో చర్చకు వచ్చింది. దావీదు సార్ నొచ్చుకున్నారు. "పోయిన ఏడు ఒక్కరు ఆగలేదమ్మా. ఈ ఏడు వరుస కట్టిన్రు. ఒకామె తప్పుగ అర్థం చేసుకున్నదని పెట్టె తీసేస్తమా?"

"ఆమె తప్పుగ అర్థం చేసుకోలేదు సార్. నేనెట్ల చదివిననో అట్లనే అర్థం చేసుకున్నది" అన్నారామె. ఆ ఆదివారం నిలబడి, వెనకటి సాక్ష్యాన్ని సవరించారు. బరువు మోసేవాళ్లను పంపింది పక్క స్టాల్ రాజలింగం అని చెప్పారు. కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు. "దేవుడు రాజలింగం చేత గూడ పంపగలడు. కానీ వచ్చినవాళ్లకు మనం ఇచ్చింది, రాజలింగం దగ్గర దొరికేదే" అని కూర్చున్నారు.

కొత్త సంవత్సరం కార్డులు తీసే ఆనవాయితీ సంఘంలో అలాగే ఉంది. ఆమె ఏటా తీసుకునేవారు, సంతోషంగా చదువుకునేవారు. ఎగ్జిబిషన్‌లో మాత్రం పెట్టె బదులు ఒక స్టూలు వేశారు. వరుస తగ్గింది. రాజలింగం తన అలవాటు మానలేదు, ప్రాణం మీదికి వచ్చినవాళ్లను మా దగ్గరికే తోలేవాడు. వాళ్లను కూర్చోబెట్టి ఆమె వినేవారు, దవాఖాన కాగితాలు చదివి పెట్టేవారు, ఒప్పుకుంటే ప్రార్థన చేసేవారు. "చీటీ లేకుంట గీ దందా ఎట్ల నడుస్తది టీచరమ్మా?" అని అతను నిజంగానే బెంగపడేవాడు. "నడవది" అనేవారు ఆమె.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. నేనిప్పుడు మా సంఘంలో స్త్రీల కూడిక నడుపుతాను. ఫోన్లలో ప్రవచనాలు చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు, పేరు పంపితే భవిష్యత్తు పంపుతారు. దవాఖానకు వెళ్లినప్పుడు ఎవరో ఒక తల్లి నా చేయి పట్టుకుంటుంది. "అక్కా, ప్రార్థనల నీకు దేవుడేమన్న చూపిచ్చిండా, నా కొడుకు బతుకుతడా?" అంటుంది. వాక్యాలు నాకు చాలా కంఠతా వచ్చు. వాటిలో అప్పటికి అతికినట్టుండే మంచి మాట ఒకటి నాలుక చివరిదాకా వస్తుంది. అది చెబితే ఆ ముఖం తేటపడుతుందనీ తెలుసు. నేను దాన్ని అక్కడే ఆపి, "రిపోర్టుల ఏం రాసిన్రమ్మా?" అని అడుగుతాను. ఆమె సంచిలోంచి కాగితాలు తీసేలోపు, చెప్పులు విడిచి పక్కన కూర్చుంటాను.