మేస్త్రి పేరు మీద ఇల్లు

మాట కోసినట్టుంటుందని తోటి పనివాళ్లు అతన్ని 'రంపం' అని పిలిచేవారు. వృత్తి కూడా వడ్రంగమే కావడంతో ఆ పేరు స్థిరపడిపోయింది. పెళ్లయిన కొత్తలో భార్యతో పరాయి దేశం వచ్చి, ఎవరెవరి ఇళ్లకో తలుపులు బిగిస్తూ నడివయసుకు చేరాడు. కూతురు అక్కడే పుట్టింది. అద్దె కొంపలు మారి మారి ప్రాణం విసిగాక ఒక ఇల్లు అమ్మకానికి వచ్చింది. కింద పనికి షెడ్డు, పైన గదులు. చూడగానే రంపం మనసు దాని మీద పడింది.

చిక్కల్లా ఒక్కటే. ఆ దేశంలో బయటివాళ్లు ఇల్లు కొనకూడదు. అతనితో కలిసి పనిచేసే తాపీమేస్త్రి మాత్రం అక్కడివాడే.

"నా పేరు మీద రాయించుకో బావా. ఇంటినేమైనా నెత్తిన పెట్టుకుని పారిపోతానా?" అన్నాడు మేస్త్రి.

భార్యకు మాత్రం గుబులు. "రేపాయన కాదంటే?"

"కాదనడు."

"ఆయన అనడు సరే. ఆయన తర్వాత?"

రంపం చెక్కను చిత్రిక పట్టడం ఆపలేదు.

రంపం డబ్బుతో, మేస్త్రి పేరు మీద ఇల్లు కొన్నారు. సెలవు రోజుల్లో స్నేహితులిద్దరూ కలిసి దాన్ని బాగుచేశారు. వంటగదిలో ఒక మూల తలుపు సరిగ్గా కుదరలేదు. గోడ వంకరని ఇతను, కాదు తలుపు వంకరని మేస్త్రి, ఏళ్ల తరబడి వాదించుకున్నారు.

ఒకరోజు మేస్త్రి పనిలోనే గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. ఫోన్‌లో ఆ కబురు వినగానే రంపం నోట మొదట వచ్చిన మాట "అయ్యో" కాదు.

"మరి ఇల్లు?" అన్నాడు.

భార్య విన్నది. అన్న మాట అతనికీ వినబడింది. చేతిలో ఉలి కింద పెట్టి, ముఖం గోడకు తిప్పుకుని కూర్చుండిపోయాడు. శవం దగ్గర కన్నీళ్లు వచ్చాయి గానీ, అవి ఎవరికోసమో అతనికే నమ్మకం కుదరలేదు. మేస్త్రి భార్య పలకరిస్తే తలెత్తలేకపోయాడు.

చట్టప్రకారం ఇల్లిప్పుడు ఆమెది. నెలలు గడిచినా ఆమె ఆ ఊసెత్తలేదు.

"వెళ్లి ఒక మాట అడుగు," అనేది రంపం భార్య.

"ఏ ముఖం పెట్టుకుని?"

చివరికి మేస్త్రి భార్యే వచ్చింది. వాన పడుతోంది. షెడ్డు గుమ్మంలో నిలబడి, చెప్పుల బురద తుడుచుకుంటూ అడిగింది.

"అన్నయ్యా, నేనుంటున్న ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. నీ పైగది ఒకటి ఊరికే ఉందటగా, అద్దెకిస్తావా?"

రంపం ఆమె ముఖంలోకి చూశాడు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడుగుతోంది.

"అద్దేమిటి చెల్లెమ్మా... ఇల్లు నీదే కదా ఇప్పుడు."

"నాదెలా అవుతుంది? ఆయన నీకు పేరు అరువిచ్చాడు, అంతేగా."

"బావ పోయాడనగానే నేను ముందు ఇంటి సంగతే అడిగానమ్మా."

ఆమె చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

"నేనూ ముందు రేపెలా గడుస్తుందా అనే అనుకున్నా," అంది. "ఏడుపు తర్వాత వచ్చింది."

ఆ వారమే ఆమె సామాను పైకి చేరింది. అద్దె పుచ్చుకోనని ఇతను, ఇవ్వకపోతే ఉండనని ఆమె. ఇద్దరి మొండితనం చూసి విసుగెత్తి, అద్దెకు బదులు రాత్రి వంట మేస్త్రి భార్యదని రంపం భార్య తీర్పు చెప్పింది.

రంపం కూతురు పెద్దదై ఆ దేశ పౌరురాలయ్యాక మేస్త్రి భార్య రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లి ఇల్లు ఆ పిల్ల పేరుకు మార్పించింది.

"ఊరికే ఇచ్చేస్తున్నారా?" అని గుమాస్తా ఆశ్చర్యపోయాడు.

"ఇవ్వడం కాదు, అప్పజెబుతున్నా," అని సంతకం పెట్టింది.

ఆ తర్వాత రంపం ఎక్కువకాలం బతకలేదు. ఇప్పుడా ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లూ ఉంటున్నారు. ఉలీ చిత్రికా ఎక్కడివక్కడే ఉన్న కింద షెడ్డును ఎవరికైనా అద్దెకిద్దామని కూతురు వచ్చినప్పుడల్లా అంటుంది. ఇద్దరూ వినరు.