భూమి లేని గ్రహాలు

పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు, ఓ పొద్దున. చిలకలగూడ ఇంట్లో ఫజర్ నమాజ్ కాగానే, మా బళ్ళోనే సార్ అయిన అబ్బా నిమ్మకాయలు, జామకాయలు సంచిలో వేసుకున్నారు, మా తరగతికి గ్రహాలు చూపించడానికి.

మీకు గుర్తుందా, బడి ఉర్దూ నుంచి తెలుగుకు మారిన రోజులు? గురుణ్ణి ముష్తరీ అని, శనిని జోహల్ అని ఏళ్లుగా చెప్పిన అబ్బా ఆ రోజు తెలుగులో గ్రహాల పేర్లు అడిగారు.

"సూర్యుడు, చంద్రుడు, రాహువు, కేతువు..." మొదలుపెట్టాడు ఓ పిల్లాడు.

"మరి భూమేదిర?"

"భూమి గ్రహమేంది సార్? గుళ్ళ నవగ్రహాలల్ల దాని బొమ్మనే లేదు!"

తరగతంతా నవ్వింది. అబ్బాకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. నేర్చుకోకుంటే కొలువు పోతుంది.

సాయంత్రం అబ్బా తమ్ముడు, మా చాచా, "కరాచీ పోదం పా, భాయ్" అన్నాడు.

"ఆడ మనకెవరున్నరు?" అంది అమ్మీ.

చివరికి ఎక్కడికీ పోవద్దనుకున్నాం. బడిలో నేను నేర్చుకున్న అక్షరాలు, పిల్లల్లో పెద్దదాన్ని కనుక, ఇంటికొచ్చి అబ్బాకు నేర్పాలి.