చెమర్చని బిందె

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మరుసటి ఎండాకాలం అది. అంతకుముందు రెండేళ్లుగా వానలు మొహం చాటేశాయి. చేవెళ్లలో మా కిరాణా కొట్టు ముందు నిలబడి తూర్పుకు చూస్తే మొయినాబాద్ వైపు ఎక్కడా పచ్చదనం కనబడేది కాదు. ఎడారి అనే మాట నేను చాలా ఏళ్ల తర్వాత విన్నాను. వినగానే నాకు గుర్తొచ్చింది ఇసుకా కాదు, ఒంటెలూ కాదు. ఆ పూట మేం పోయిన బండ్ల బాట.

మాకొక కుక్క ఉండేది. నల్లది, ముసలిది, ఒక చెవి సగమే. మా ఇంట్లో కుక్కలకు పేర్లు పెట్టే అలవాటు లేదు. "ఇగో, రా" అంటే వచ్చేది. "అవతలికి పో" అంటే రెండడుగులు పోయి మళ్లీ కూర్చునేది. బాపు ఎప్పుడు బండి కట్టినా అది బండి కిందికి దూరి, రెండు చక్రాల మధ్య నీడలో నడిచేది. ఇరుసుకు తాళ్ల అల్లికలో మంచినీళ్ల మట్టికుండ వేలాడేది. కుండ చెమర్చి, అడుగు నుంచి బొట్టు బొట్టుగా కారేది. కుక్క నడుస్తూనే నాలుక చాపి ఆ బొట్లు అందుకునేది. ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎన్నోసార్లు చూసి నవ్వుకున్నాం కూడా.

మొయినాబాద్‌లో మేనమామ పెళ్లి వచ్చింది. ఇంటికి తాళం వేసి అందరం మూడు రోజులకు పోవాలి. మా బావిలో బొక్కెన వేస్తే బురద వస్తోంది. దారిలో బావుల మీద ఆశ లేదు. ముందురోజు సాయంత్రం అమ్మ బండి కోసం కుండ నింపబోతుంటే నేను అడ్డుపడ్డాను. అప్పుడు నాకు పదకొండేళ్లు. తెలివైన పిల్లనని ఇంట్లో పేరుండేది, ఆ పేరు నా నెత్తికెక్కి కూర్చుంది.

"కుండెందుకే అమ్మా? సగం నీళ్లు కారిపోతయి. ఇత్తడి బిందె తీస్కపోదం. ఒక్క సుక్క గూడ పోదు."

బాపు మురిసిపోయాడు. "సూసినవా, గీ ఉపాయం మనకు రాలే," అన్నాడు అమ్మతో.

ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. కుండలో ఉన్న కాసిని నీళ్లు కూడా బిందెలోకే వంచాను. బిందె మూతికి గుడ్డ కట్టించి, బండిలో గడ్డి మధ్య కదలకుండా పెట్టించాను. ఖాళీ కుండను పెరట్లో, కుక్క దూరి వచ్చే కంచె సందు పక్కన బోర్లించాను. బోర్లించకపోతే బల్లులు పడతాయని అమ్మ నేర్పిన పద్ధతి.

పొద్దు పొడవకముందే బయలుదేరాం. కంకర సడక్ మీద ఎద్దుల గిట్టలు అరుగుతాయని బాపు చేల మధ్య బాట పట్టాడు. ఆ బాటకు నీడ లేదు. నేల నెర్రెలు విచ్చింది. అక్కడక్కడా తుమ్మచెట్లున్నాయి గానీ వాటికి ముళ్లు తప్ప ఏమీ మిగల్లేదు. ఎండెక్కేసరికి బిందెలో నీళ్లు కాచినట్టు అయ్యాయి. అమ్మ ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. "ఏడిగుంటె ఏందే, ఒక్క సుక్క పోయిందా?" అని నేను గొప్పలు పోయాను. బాపు రెండుసార్లు ఆపి ఎద్దుల మూతులు తడిగుడ్డతో తుడిచాడు. కుక్క మాట ఎవరమూ ఎత్తలేదు. కుక్క బండి కింద ఉంటుంది, అంతే. ఉందో లేదో వంగి చూడాలని ఎవరికీ తోచలేదు.

మేనమామ ఇంటి ముందు బాపు ఎద్దులను విప్పాడు. బండి కింద కుక్క లేదు.

"బాపూ, కుక్కేది?"

"యాడనో నీడకు ఆగింటది. అదే వస్తది, ఫికర్ జెయ్యకు."

బండి ఆగినచోట ఎప్పుడూ అరచేతంత తడిమరక ఉండేది. ఆ రోజు దుమ్ము పొడిగా ఉంది. ఏం జరిగిందో ఆ ఇంట్లో నా ఒక్కదానికే అర్థమైంది.

వెనక్కి పోదామని ఏడ్చాను. "పెండ్లింట్ల గీ ఏడుపేందే? కుక్క కోసం ఎవలన్న బండి మర్లిస్తరా?" అని అమ్మ కసిరింది. బిందె సంగతి మాత్రం నేను నోరు విప్పి చెప్పలేదు. చెబితే తెలివైన పిల్లనన్న పేరు పోతుందని భయం. చెప్పి ఉంటే బాపు ఆ సాయంత్రమే బండి కట్టేవాడు, నాకు తెలుసు. నాకంటే ఆయనకే ఆ కుక్క మీద ప్రేమ ఎక్కువ. బిందె తెచ్చినందుకు నన్ను నేను ఎప్పుడో క్షమించుకున్నాను. నోరు మూసుకున్నందుకు మాత్రం ఈ వయసులో కూడా క్షమించుకోలేదు.

తిరుగు ప్రయాణంలో నేను బండి ఎక్కలేదు. పక్కనే నడుస్తూ ప్రతి తుమ్మ మొదలూ వెతికాను. ఎక్కడా లేదు. ఎవరో చేరదీసి ఉంటారని నాకు నేనే చెప్పుకున్నాను. బాపు తాళం తీయగానే పెరట్లోకి పరుగెత్తాను, అది ఎప్పుడొచ్చినా తాగేలా కుండలో నీళ్లు పోసి ఉంచుదామని.

కుక్క అక్కడే ఉంది. బోర్లించిన కుండను ఆనుకుని పడుకుంది. ప్రాణం పోయి ఎంతసేపయిందో తెలియదు. మూడు రోజుల దుమ్ము కుండంతా పట్టి ఉంది. పైకి తిరిగిన అడుగు మాత్రం నున్నగా, శుభ్రంగా ఉంది. దుమ్మంతా నాలుకతో నాకేసింది.

అప్పుడు చెప్పాను. "బిందె వెట్టుమన్నది నేనే గద బాపూ. ఆడ్నే సమజయింది నాకు. అయినా చెప్పలే."

బాపు తుండుగుడ్డతో కుక్క మొహం మీద దుమ్ము తుడిచాడు. "నేను గూడ మురిసిన గద బిడ్డా," అన్నాడు.

ఆ తర్వాత మా బండికి మళ్లీ మట్టికుండే కట్టాం. అది చెమర్చి కారుతూనే ఉండేది. ఆ బొట్లు ఒక్కొక్కటీ దుమ్ములో పడి ఇంకిపోతుంటే నేను కిందికి చూడలేక మొహం తిప్పుకునేదాన్ని.