సర్వేకి పుట్టిన చెల్లెలు

గవర్నమెంటు సర్వేలో ఒక్క అబద్ధం చెప్తే ఏమవుతుందనుకున్నారు? నాకైతే ఒక చెల్లెలు, ఒక తమ్ముడు, వాళ్ళతోపాటు నడుంనొప్పి వచ్చినాయి. నడుంనొప్పి తగ్గుతుందని డాక్టరు అంటున్నాడు. మిగతా ఇద్దరి సంగతి ఆయన చేతిలో లేదు. టీ చల్లారిపోకముందే చెప్తా, వినండి.

ఆళ్ళగడ్డలో మాది టెంట్ హౌసు. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు బాడుగకిస్తాం. పనివాళ్ళు ఇద్దరే. దేవదానం టెంట్లు కడతాడు. ఆదివారం చర్చి వదిలినాకే పనిలోకి వస్తాడు, ఎంత పెద్దోళ్ళింట్లో పెళ్ళయినా సరే. సుంకమ్మ పాత్రలు తోముతుంది. ఒక్క గరిటె తక్కువొచ్చినా పెళ్ళివాళ్ళ వంటింట్లో దూరి పట్టుకొచ్చే మనిషి. ఇద్దరికీ నెల జీతం. ఇది నిజం. ఇది చెప్పుంటే కథే లేదు.

పోయిన నెల మా వీధిలో వ్యాపారాల సర్వే మొదలైంది. షాపు ఎవరిది, సొంతమా, భాగస్తులున్నారా, జీతానికి ఎందరు, ఇంట్లోవాళ్ళు ఎందరు, అన్నీ ఫోన్లో నొక్కుకుంటూ పోతున్నారని పక్క టైలరు చెప్పినాడు. నాకు గుండెల్లో రాయి పడింది. నంద్యాలలో మా బావకు ఫోన్ చేసినా. మా అక్క మొగుడు. ఆయనకు హార్డ్‌వేరు షాపు ఉంది, దాంతోపాటు లోకంలో ఉన్న ప్రతి విషయం మీదా ఒక సలహా ఉంది.

"పనోళ్ళు ఉండారని చెప్పినావంటే అయిపోయినట్లే," అన్నాడు. "ఇయ్యాల రాసుకుంటారు, రేపు పీఎఫ్ అంటారు, ఎల్లుండి ఇంకేందో అంటారు."

"కళ్ళ ముందరే పని చేస్తాంటారు గదా బావా, యాడ దాచిపెట్టేది?"

"దాచొద్దు. ఇంటోళ్ళని చెప్పు. ఇంటోళ్ళు పని చేస్తే ఎవురడుగుతారు?"

నాకు అది బ్రహ్మాండమైన ఉపాయంగా కనపడింది. బావ సలహా విని బాగుపడిన రోజు ఒక్కటీ గుర్తులేదు, అయినా ఎందుకో ఫోన్ చేసినప్పుడల్లా నమ్ముతాను.

మర్నాడు పొద్దున్నే సర్వే అమ్మాయి వచ్చింది. మర్యాదగల పిల్ల. ఓనర్ నేనే అన్నాను, రాసుకుంది. భాగస్తులు లేరన్నాను, రాసుకుంది.

"జీతానికి ఎంతమంది ఉండారు సార్?"

"ఎవరూ లేరమ్మా. అందరం ఇంటోళ్ళమే."

గోడవారగా సుంకమ్మ పెద్ద డేగిసా తోముతోంది. అమ్మాయి అటు చూసింది. "ఈమె ఎవరు సార్?"

"మా చెల్లెలు."

డేగిసా చప్పుడు ఆగిపోయింది. ఇంకోపక్క దేవదానం షామియానా మడతపెడుతున్నాడు. "ఆయన?"

"తమ్ముడు."

"పేరు?"

"దేవదానం."

ఆ పిల్ల నా నుదుటి మీద విభూతి చూసింది, దేవదానం మెడలో సిలువ చూసింది, మళ్ళీ నా విభూతి చూసింది. "సొంత తమ్ముడా సార్?"

"చిన్నాయన కొడుకు," అన్నాను. ఒకసారి దిగినాక లోతెంతని చూసుకుంటామా?

"అవును మేడం, ఈన మా పెదనాయన కొడుకే," అన్నాడు దేవదానం, మడత చెదరకుండా.

అమ్మాయి సుంకమ్మను అడిగింది. "నీకు జీతం ఏమన్నా ఇస్తారామ్మా?"

సుంకమ్మ నా మొహం కేసి ఒక నిమిషం చూసింది. "అన్న ఇంట్లో పని చేసుకుంటే జీతమేంది పాపా," అంది.

ఎంత సమయస్ఫూర్తి అని మురిసిపోయినా. అమ్మాయి అన్నీ నొక్కుకుని లేస్తూ, "ఇది ఊరికే లెక్క కోసమే సార్. ఇద్దరు ముగ్గురు పనోళ్ళుంటే మీకేం కాదు. చానామంది భయపడి దాస్తాండారు," అని నవ్వి వెళ్ళిపోయింది. ఆ మాటేదో వస్తూనే చెప్పుండొచ్చు.

దేవదానం పడీపడీ నవ్వినాడు. సుంకమ్మ నవ్వలేదు. సాయంత్రం పని ముగించి, చేతులు కడుక్కుని, నా టేబులు దగ్గరికొచ్చి నిలబడింది.

"అన్నా, ఒక మాట. ఆ సర్వే పాపతో చెల్లెలంటివే, అది ఉత్తదేనా, నిజంగా అంటివా?"

మా పక్క అన్నా అనే పిలుపుకు విలువ లేదు. బస్సు కండక్టరూ అన్నే, ఎదురింటాయనా అన్నే. కానీ ఆమె అడిగిన తీరు వేరుగా ఉంది. అప్పుడు చెప్పింది సంగతి. ఆమెకు అన్నదమ్ములు లేరు. కూతురు గీతకు నాలుగేళ్ళొచ్చినా చెవులు కుట్టించలేదు. వాళ్ళ ఇంట్లో మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకోకుండా కుట్టరు. అన్నదమ్ములు ఉన్నారో లేరో చూసుకోకుండా సంబంధం చేసుకున్నామని అత్త నలుగురిలో దెప్పుతూనే ఉంటుందంట. బోసి చెవులతో పిల్ల ఎదురుపడినప్పుడల్లా ఒక మాట తప్పదంట.

"ఎవురినో ఒకరిని కూచోబెడదామంటే మా అత్త ఒప్పుకోదన్నా. వరసకు మేనమామ కావల్లంటాది. నువ్వు గవర్నమెంటుకే రాయించినావు గదా. అంతకంటే ఏం గావల్ల?"

అబద్ధం అని చెప్పేయొచ్చు. నోరు తెరిచినాను కూడా. ఇన్నేళ్ళుగా నా దగ్గర పని చేస్తున్న మనిషి, నాకు ఈ సంగతే తెలీదు. సిగ్గేసింది. "ఆదివారం పెట్టుకో. మన గోడౌన్ కాడనే చేద్దాం," అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుంటూ పోయింది.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పినా.

"ఉండే ఆడబిడ్డ చాలదని ఇంకొకామెను తెచ్చినావా?" అంది రత్నమ్మ. తిడుతుందనుకున్నా. మర్నాడు పొద్దున బస్సెక్కి నంద్యాల పోయి సుంకమ్మకు చీర, పిల్లకు కమ్మలు తెచ్చింది. బావ షాపుకు కూడా పోయి, నాకిచ్చిన సలహాకు ఆయనకు ఇవ్వాల్సింది ఇచ్చి వచ్చిందని తర్వాత అక్క ఫోన్ చేసి చెప్పింది.

ఆదివారం వచ్చింది. సుంకమ్మ అత్తగారి వైపు జనం టెంపోలో దిగినారు. దేవదానం చర్చి నుంచి నేరుగా వచ్చినాడు. తెల్లచొక్కా, నల్లప్యాంటు, వెనక పెళ్ళాం బిడ్డలు.

"దేవదానం, ఆ కుర్చీలు రెండు వరసలేయప్పా," అన్నాను అలవాటుగా.

"యేస్తా గానీ అన్నా," అని దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు, "నేను నీ తమ్ముణ్ణంటే ఆ పాపకు నేనూ మేనమామనే గదా. మేనమామ కుర్చీలు మోస్తాంటే సుంకమ్మ అత్త, ఆ ముసలామె, ఏమనుకుంటాది?"

ఆయన ఒక కుర్చీ లాక్కుని ముందర కూర్చున్నాడు. పాత్రలు దించడానికి సుంకమ్మను పిలుద్దామంటే, ఆమె కొత్తచీర కట్టుకున్న పిల్లతల్లి. వంటమనిషి వంట చేస్తాడు, బరువెత్తడు. మిగిలింది ఎవరు? కుర్చీలన్నీ నేనే మోసినా. మా కుర్చీలు అంత బరువని ఇన్నాళ్ళూ నాకు ఎవరూ చెప్పలేదు.

చెమటతోనే పంచె కట్టుకుని గీతను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నా. చెవులు కుట్టే ఆచారి సూది తీసినాడు. పిల్ల సూదిని చూసింది, ఆచారిని చూసింది, నా బొటనవేలు పట్టుకుని కొరికింది. రెండో చెవికి రెండో చెయ్యి ఇచ్చినా. ముసలామె ఎదురుగా నిలబడి అంతా చూసింది. సుంకమ్మ నన్ను చూడటం లేదు, అత్త మొహమే చూస్తోంది.

విస్తళ్ళు వేసినారు. వడ్డించేది కూడా నేనే. పంచె తీసి లుంగీ కట్టి, తలకు తువ్వాలు చుట్టి, సాంబారు బకెట్ పట్టుకుని వరస మధ్యలో ఉన్నా. గేటు దగ్గర ఒకాయన స్కూటరు దిగినాడు. మెడలో గుర్తింపు కార్డు. సర్వే సూపర్‌వైజరంట. పని మిగిలిపోయి ఆదివారం కూడా తిరుగుతున్నారంట.

"ఓనర్ యాడుండాడప్పా?" అని నన్నే అడిగినాడు.

నేనేనంటే మళ్ళీ ఎక్కడ సంతకం పెట్టమంటాడో అని, "ఏం కావల్ల సార్?" అన్నాను.

"ఈడ దేవదానం, సుంకమ్మ అని ఇద్దరుండారంట. ఇంటోళ్ళని రాయించినారు. మాకు డౌటొచ్చింది. నువ్వన్నా నిజం చెప్పు. వాళ్ళు జీతానికే గదా?"

ముసలామె విస్తరి నా మోకాలి పక్కనే ఉంది. ఆమె చెయ్యి అన్నంలో ఆగిపోయింది. పిల్లను ఎత్తుకుని సుంకమ్మ కూడా అక్కడే నిలబడిపోయింది. నిజం చెప్పినా నాకేం కాదని ఆ సర్వే అమ్మాయి ముందే చెప్పింది. ఒక్క ముక్క చెప్తే నా తప్పు దిద్దుకున్నట్లే.

"ఇంటోళ్ళే సార్," అన్నాను. "ఆమె మా చెల్లెలు. ఇప్పుడే పాపకు చెవులు కుట్టిస్తిమి." సాక్ష్యానికి బొటనవేలు చూపించినా.

ముసలామె అన్నం కలుపుకుంది. "ఏం మేనమామా, మాట్లాడుకుంటానే ఉంటావా, సాంబారు పోస్తావా?" అంది.

పోసినా. కొంచెం ఎక్కువే పోసినా. సుంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది.

సూపర్‌వైజరు నా తడిసిన లుంగీ, తలకు చుట్టిన తువ్వాలు తేరిపార చూసినాడు. "నువ్వూ ఇంటోనివేనా?"

"అవును సార్."

"నీకు జీతం?"

"ఏమీ లేదు సార్."

ఫోన్లో నొక్కుకున్నాడు. పోబోయి, మనసొప్పక మళ్ళీ వెనక్కొచ్చి నా భుజం మీద చెయ్యి వేసినాడు.

"మీ ఓనర్ మంచోడు గాదప్పా. ఇంత చాకిరీ చేయించుకుని జీతం ఇయ్యకపోతే ఎట్లా? గట్టిగా అడుగు."

"అడిగినా ఇయ్యడు సార్," అన్నాను. "పుట్టినప్పట్నుంచీ చూస్తాండా వాణ్ణి."