సీమకు కుండమార్పిడి

మా వదిన యాకమ్మ అంటే నాకు కుళ్లు. మా వాడలో అందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె కొత్త చీర కట్టుకొస్తే ఆ రంగు నప్పలేదని నలుగురి ముందే అనేస్తాను. ఆమె నవ్వి, "ఔ వదినె, నాకు సుత గట్లనే అనిపిచ్చింది" అంటుంది. దాంతో నాకు ఇంకా మండుతుంది.

ఆమె నాకు వదిన, నేనూ ఆమెకు వదిననే. మాది కుండమార్పిడి పెళ్లి. మా పిల్లను మీకిస్తాం, మీ పిల్లను మాకివ్వండి అని రెండిళ్ల పెద్దలు మాట్లాడుకుని చేసే పెళ్లి అది. మా పుట్టిల్లు స్టేషన్ ఘన్‌పూర్ పక్క పల్లె. ఆమెది వరంగల్, మిరపకాయల మార్కెట్ వెనక పెంకుటిల్లు. ఒకటే పందిరి కింద మా అన్న కొమురెల్లి ఆమెకు పుస్తె కట్టాడు, ఆమె అన్న కట్టయ్య నాకు కట్టాడు. నేనప్పుడు ఐదో తరగతి. పలక అక్కడ పెట్టి నేను ఇక్కడికొచ్చాను. నల్లా నీళ్లు ఇక్కడ వదిలి ఆమె మా పల్లె చేదబావికి పోయింది. అప్పట్లో ఆమె మీద జాలిపడ్డాను కూడా.

కట్టయ్య మార్కెట్లో హమాలీ. కల్లు తాగిన రోజు చెయ్యి లేస్తుంది. పెళ్లైన కొన్నేళ్లకు ఒక దెబ్బ చెవి మీద పడింది. నేను బండెక్కి మా అమ్మ దగ్గరికి పోయాను. మా అమ్మ నన్ను లోపలికి రమ్మంది, కోడలిని బయటికి పొమ్మంది. కుండమార్పిడిలో లెక్క అదే. మా పిల్ల మా గడపకొస్తే మీ పిల్ల మీ గడపకు పోవాలి. యాకమ్మ ఏ తప్పూ చేయలేదు. మా అన్నకు ఆమె అంటే ప్రాణం. అయినా చంటిపిల్ల రాజేశ్వరిని ఎత్తుకుని పుట్టింటికి పోయింది. పెద్దలు కూర్చుని, మాట్లాడి, ఎవరిని ఎక్కడికి ఇచ్చారో మళ్లీ అక్కడికే పంపేసరికి నెల దాటింది.

ఆ రోజు ఆమె ఘన్‌పూర్ స్టేషన్‌లో దిగింది. వరంగల్ పోయే బండి కోసం నేను అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. నన్ను చూసి వచ్చి పక్కన కూర్చుంది. నాలుగు తిడుతుందనుకున్నాను. పిల్లను నా ఒళ్లో వేసి, "జర పట్టుకో వదినె, చేతులు గుంజుతానయ్" అంది. తిట్టి ఉంటే ఇద్దరం సమానమయ్యేవాళ్లం.

తర్వాత మా అన్నకు కాజీపేట లోకోషెడ్డులో ఖలాసీ పని దొరికింది. రైల్వే క్వార్టర్ ఇచ్చారు. కరెంటు, నల్లా, పక్కనే బడి. యాకమ్మ ఒక బర్రెను పెట్టుకుని క్వార్టర్లలో పాలు పోసేది. మా అన్న బట్టల బొగ్గుమసి ఉతికి ఉతికి ఆమె చేతులు బండలయ్యాయి, అది నిజమే. కానీ రాజేశ్వరి తర్వాత ఆమెకు కాన్పు నిలవలేదు. ఉన్న ఒక్క పిల్లను బడి మానిపించలేదు. అక్షరం రాని మనిషి, పిల్ల ఏ బడి మారినా తానే వెంట పోయి పెద్దసారు కళ్లబడేదాకా వరండాలో నిలబడేది. నాకు నలుగురు. ఇద్దరు ఆడపిల్లలకు పెళ్లిళ్లయ్యాయి, కొడుకు తండ్రితో బస్తాలు మోస్తాడు. చిన్నది అరుణ. "నీ ఇల్లు నిండుగున్నది వదినె" అని యాకమ్మ అంటే ఎగతాళి అనుకునేదాన్ని.

రాజేశ్వరి డిగ్రీ అయిపోయి హన్మకొండలో లా కాలేజీలో చేరింది. భార్యాభర్తల తగవులు, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి, ఇవన్నీ పుస్తకంలో ఉంటాయట. మా తగవు పెద్దమనుషులే తేల్చారు, పుస్తకం అక్కర్లేకపోయింది.

ఎనభై నాలుగులో, ఎండాకాలం ముందు, మార్కెట్ నిండా ఎర్రకాయ దిగిన రోజుల్లో యాకమ్మ నా దగ్గరికి వచ్చింది. మేము పదిమంది ఆడవాళ్లం ముక్కులకు గుడ్డలు కట్టుకుని మిరపకాయల తొడిమలు తీస్తున్నాం. వచ్చి నా పక్కన కూలబడి, కొంగు ముక్కుకు చుట్టుకుని, తానూ తీయడం మొదలుపెట్టింది. మా దగ్గర అదొక పద్ధతి. ఏదైనా అడగడానికి వచ్చిన మనిషి ముందు కాసేపు పనిలో చెయ్యి వేస్తుంది. అందుకే నేను తొడిమలు తీస్తూనే ఎదురుచూశాను.

"రాజేశ్వరి సీమకు పోతనంటాంది వదినె. లా సదువ. ఒక్క ఏడాది" అంది.

"పోనియ్యి. నన్నడుగుడెందుకు?"

"అడిగేదున్నది. గది మన కుండమార్పిడి లెక్కనట."

చుట్టూ చేతులు ఆగాయి. నాకు ఎదురుగా కూర్చున్న సుగ్రా బేగం ముక్కుగుడ్డ కిందికి లాగి, "ఏం యాకమ్మా, తెల్ల అల్లుడొస్తాండా?" అంది. అందరూ నవ్వారు.

"అల్లుడు గాదు అక్కా. పిల్లనే వస్తది, లా సదివే పిల్ల" అని యాకమ్మ విడమరిచి చెప్పింది. ఇక్కడి కాలేజీకి, సీమలో, అంటే ఇంగ్లండులో, ఒక కాలేజీకి ఒప్పందమైంది. ఇక్కడి నుంచి ఒకరు అక్కడికి, అక్కడి నుంచి ఒకరు ఇక్కడికి. ఎవరి పిల్ల పోతుందో ఆ ఇంటివాళ్లు వచ్చే పిల్లను ఏడాది పాటు తమ దగ్గర ఉంచుకోవాలి. రైల్వే క్వార్టర్‌లో బయటివాళ్లను పెట్టడానికి లేదని మా అన్నకు ఆఫీసులో చెప్పారట. ఇల్లు చూపించకపోతే రాజేశ్వరి దరఖాస్తు ముందుకు పోదు. ఆమె వెనక వరసలో ఉన్నది ఒక వకీలు కొడుకు, వాళ్లకు మేడ ఉంది.

"మా అమ్మ పండుకున్న అర్ర ఉత్తగనే ఉన్నది గద వదినె. గది ఇయ్యి" అంది యాకమ్మ.

నేను ఒక గుప్పెడు తాలుకాయ, రంగు పోయి తెల్లబారినది, ఏరి పక్కన పడేశాను. ఆ అర్రలోనే యాకమ్మ పుట్టింది. అత్త పోయాక అందులో ఖాళీ గోనెసంచులు వేసుకుంటున్నాం. ఇవ్వడానికి నాకు అడ్డం ఏమీ లేదు. కానీ నన్నూ మార్చారు కదా. నేను ఎక్కడికి పోయాను? ఘన్‌పూర్ నుంచి వరంగల్‌కు. దీని బిడ్డ మారితే సముద్రం దాటుతుంది. అంతా నవ్వుకుంటూ అడుగుతోంది.

"సూద్దాం" అన్నాను.

ఆమె లేవలేదు. గొంతు తగ్గించి, "నాకు బుగులంత ఒక్కటే. నీ ఇంట్ల గీ ఘాటుకు ఆ పిల్ల తట్టుకోలేక ఎల్లిపోతె, నా బిడ్డను సుత నడుమల్నే ఎల్లగొడ్తరు" అంది.

రాజేశ్వరి తల్లికి ఎన్నోసార్లు చెప్పిందట, అట్లా ఉండదని, వచ్చిన పిల్ల తిరిగిపోయినా పోయిన పిల్ల చదువు ఆగదని. తర్వాత ఒకరోజు మా ఇంటికి వచ్చి నాకూ చెప్పింది. మాకు ఎక్కలేదు. కాగితం మీద వంద రాస్తారు. రెండిళ్ల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఉన్నప్పుడు ఇటు తెగితే అటూ తెగుతుంది. మా ఇద్దరికీ అది ఒంటి మీద తెలిసిన సంగతి. ఆ రోజు పోయేముందు రాజేశ్వరి, "అత్తమ్మా, నీకిష్టం లేకుంటె లేదని చెప్పు. నేనేమనుకోను" అంది. చదువుకున్న చేతులు, మెత్తగా, గోళ్లు తెల్లగా ఉన్నాయి. ఆమె మంచితనం తల్లి నుంచి వచ్చిందే. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

ఆమె వెళ్లాక లోపలికి పోతే అరుణ చేతులు మజ్జిగలో పెట్టుకుని కూర్చుంది. మిరపకాయ మంటకు అదే మందు. ఏడో తరగతి నడుమలో కట్టయ్య దాన్ని బడి మానిపించి నాతో పనికి పంపాడు. నేను అడ్డం చెప్పలేదా అంటే చెప్పాను, రెండు రోజులు అన్నం వండలేదు. మూడో రోజు అరుణే వండి, నాతో పనికొచ్చింది.

ఇల్లు చూడటానికి వచ్చారు. లా కాలేజీ లెక్చరర్ వీరభద్రం సారు, ఆయనతో ఇంగ్లండు కాలేజీ నుంచి వచ్చిన ఒక తెల్ల దొరసాని. మా అన్న, యాకమ్మ పొద్దున్నే వచ్చి అర్ర ఊడ్చి, సున్నం వేసి, మంచం వేశారు. నేను ఇస్తాననలేదు, ఇవ్వననలేదు. వాళ్లు చేసుకుంటుంటే చూస్తూ ఊరుకున్నాను. కట్టయ్య ఉతికిన చొక్కా వేసుకుని గోడకానుకుని నిలబడ్డాడు. రాజేశ్వరి మా అందరి మొహాలూ చూస్తోంది.

దొరసాని లోపలికి అడుగుపెట్టగానే మూడు తుమ్ములు తుమ్మింది. యాకమ్మ మొహం పాలిపోయింది. దొరసాని మాత్రం కళ్లు తుడుచుకుని నవ్వింది, పెరట్లో మరుగుదొడ్డి చూసింది, కిటికీ తెరిచి మూసింది. అప్పుడు వీరభద్రం సారు నన్ను అడిగాడు:

"ఇంటామె మీరే కదమ్మా. ఈ గది సంవత్సరంపాటు ఆ అమ్మాయికి ఇవ్వడం మీకు ఇష్టమేనా?"

అందరూ నా వైపే చూశారు. నా నోటి మాట కోసం ఇంతమంది ఆగడం నా బతుకులో అదే మొదలు. నేను సారుకు చెప్పలేదు. యాకమ్మ వైపు తిరిగాను.

"వదినె, కుండమార్పిడంటె అటొకతి, ఇటొకతి. నీ పిల్ల సీమకు పోతాంది. తెల్లపిల్ల నా ఇంటికొస్తాంది. మరి నా ఇంట్లకెల్లి ఎవ్వలు పోతాండ్లు?"

ఆమెకు అర్థం కాలేదు.

"నా అరుణ నీ ఇంటికొస్తది. రాజేశ్వరి వచ్చేదాక. పనికి గాదు, బడికి."

కట్టయ్య గోడ దగ్గర నుంచి కదిలాడు. "పిచ్చిలేసిందా నీకు? అది పోతె తొడిమెలెవ్వలు తీస్తరు? సదివి ఏం జేత్తది?" అన్నాడు. నేనేం జవాబు చెప్పినా, సాయంత్రం ఆ మనుషులు పోయాక ఇంట్లో అతనితో ఉండేది మేమే.

జవాబు యాకమ్మ చెప్పింది. గొంతు పెంచలేదు. "అన్నా, నువ్వు చెయ్యి లేపితె వదినె ఆడికి పోయింది. నేను పసిపిల్లనెత్తుకొని గీ ఇంటికొచ్చిన. గీ అర్రల్నే పండుకున్న. గప్పుడు నన్ను ఎవ్వలన్న అడిగిన్రా? ఇప్పుడు నేనడుగుతాన. పిల్లను తోలు."

అన్నేళ్లలో ఆమె ఆ మాట ఎత్తడం అదే మొదటిసారి. మా అన్న నేల చూశాడు. కట్టయ్య చెల్లెలి మొహం చూశాడు. ఆడబిడ్డ నోరు తెరిచి అడిగింది ఇవ్వకపోతే కులంలో తలెత్తుకోలేడు. అది అతనికీ తెలుసు. "తీసుకపో" అని బయటికి పోయాడు.

దొరసాని ఏమైందని అడిగినట్టుంది. మేమందరం మాట్లాడినదంతా వీరభద్రం సారు రెండు ముక్కల్లో చెప్పేశాడు. ఆమె తలూపి రాసుకుంది.

"ఇష్టమేనమ్మా?" అని ఆయన మళ్లీ అడిగాడు.

"ఇష్టమే" అన్నాను.

వానాకాలం చివర్లో రాజేశ్వరి కాజీపేటలో ఢిల్లీ బండెక్కింది. వకీలు కొడుకు కూడా సాగనంపడానికి వచ్చాడట. నేను పోలేదు, పనుందన్నాను. ఆ బండి పోవడం చూస్తే తట్టుకోలేను, అంతే సంగతి. కాసేపటికి అరుణ రేకుపెట్టె పట్టుకుని కాజీపేట బస్సెక్కింది. దాన్ని మాత్రం ఎక్కించి వచ్చాను.

తెల్లపిల్ల వచ్చింది. పొడుగు మనిషి, మా తలుపుకు రోజూ తల కొట్టుకునేది. మంచి పిల్లే. అన్నంలో పెరుగు తప్ప వేరే ఏదీ పట్టేది కాదు. కొత్త కాయ దిగిన నెలలో నిజంగానే వెళ్లిపోతానంది. కళ్లు ఉబ్బి, దగ్గు పట్టి, పెట్టె సర్దుకుంది. ఇది పోతే రాజేశ్వరి వస్తుంది. రాజేశ్వరి వస్తే అరుణ వచ్చేస్తుంది. రాజేశ్వరి జాబు రాసి, సారుతో చెప్పించి, అట్లా ఏమీ కాదని మా చెవుల్లో ఎన్నిసార్లు పోసినా నేను నమ్మలేదు. గోనెసంచులన్నీ పక్కింటికి చేర్చాను. మార్కెట్ నుంచి రాగానే బయటే స్నానం చేసి, ఆ చీర బయటే ఆరేసి, అప్పుడు లోపలికి పోయేదాన్ని. కట్టయ్యనూ అట్లాగే చేయించాను. గొణిగాడు, చేశాడు. యాకమ్మ కాజీపేట నుంచి రోజూ పాలు తెచ్చి ఆ పిల్ల మంచం దగ్గర కూర్చునేది. ఒక పరాయి పిల్లను పట్టుకుని మేమిద్దరం మా బిడ్డలను అట్లా కాచుకున్నాం. దగ్గు తగ్గింది. పిల్ల పెట్టె విప్పింది.

ఆ తర్వాత ఒక ఆదివారం కాజీపేట పోయాను. ఎప్పుడూ నాతో మాట్లాడటానికి ఎదురొచ్చే అరుణ రాలేదు. వాకిట్లో నుంచే "అరుణా" అని పిలిచాను. క్వార్టర్ తలుపు దగ్గర యాకమ్మ నిలబడి, వేలు పెదవుల మీద పెట్టుకుని, "మెల్లగ వదినె. పిల్ల సదువుకుంటాంది" అంది.

లోపల నా బిడ్డ పుస్తకం మీద వంగి కూర్చుంది. చేతి వేళ్ల మంట మచ్చలు మానిపోయాయి. తల ఎత్తలేదు. నా బిడ్డ దగ్గర నన్నే మాట్లాడొద్దంది ఈమె. ఒళ్లంతా భగ్గుమంది. బయట అరుగు మీద కుళ్లుకుంటూ కూర్చున్నాను. చదువు అయిపోయేదాకా కూర్చున్నాను.