సారు బొమ్మలో నేను కలిపిన గీతలు

బయాలజీ సారు పోయారని మంగళవారం పొద్దున తెలిసింది. అమీర్‌పేటలో మా జిరాక్సు షాపు షట్టరు ఎత్తుతుంటే ఓనరు భాయ్ చెప్పాడు.

"చాచా, పై అంతస్తు బయాలజీ సార్ లేడంట. పంజాగుట్ట దవాఖానలనే పాణం పోయిందంట."

సరే అన్నాను. మిషన్ ఆన్ చేశాను. అది వేడెక్కేదాకా దాని ముందే నిలబడ్డాను. ఎవరో మార్కుల మెమో ఇచ్చి రెండు కాపీలు అడిగితే ఐదు తీశాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

నేను మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి. రాయడం అలవాటు లేదు. కానీ సారుకు ఒక మాట చెప్పాల్సి ఉండింది, చెప్పలేకపోయాను. ఇది చదివేవాళ్లలో సారు పాత బ్యాచ్ వాళ్లుంటే వాళ్లకైనా చేరాలి.

మా బిల్డింగు నాలుగంతస్తులు, మెట్ల కింద మా షాపు. కింద మూడింట్లోనూ కంప్యూటరు కోర్సులే. మెట్ల మీద కాలు పెట్టే సందుండేది కాదు. నాలుగో అంతస్తులో ఒక్క గదిలో సారు పీహెచ్‌డీ ఎంట్రన్సుకు బయాలజీ చెప్పేవారు. నలభై మంది వస్తే గొప్ప.

"మీరు సుత జావా నేర్చుకొని చెప్పుకోరాదు సార్?" అని భాయ్ ఆటపట్టించేవాడు.

"దానికి బోలెడుమంది ఉన్నారుగా భాయ్. దీనికి నేనొక్కణ్ణే దొరికాను" అనేవారు సారు.

షాపులోకి వచ్చేటప్పుడు చెప్పులు బయట విడిచేవారు. జిరాక్సు షాపుకు చెప్పులు విడిచే మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు. బొమ్మలన్నీ పెన్సిలుతో గీసి తెచ్చేవారు. పెన్సిలు గీత కాపీలో సరిగా పడదు కాబట్టి, ముందు నేను దాని మీద నల్ల ఇంకుతో దిద్దాలి. దిద్దుతున్నంతసేపూ సారు పక్కనే కాగితాల అట్టపెట్టె మీద కూర్చుని అది ఏం బొమ్మో చెప్పేవారు. అడగకుండానే.

"కణం రెండు కావాలంటే ముందు దాని డీఎన్‌ఏకు కాపీ తీయాలండీ."

"మా మిషన్ లెక్కనేనా సార్?"

"కాదు కాదు. మీ మిషన్ ఒరిజినల్ కాగితాన్ని ముట్టుకోదు. ఇక్కడ ఒరిజినల్‌నే జిప్పు విప్పినట్టు రెండుగా విప్పాలి. ఒక్కో సగం పక్కన కొత్త సగం రాయాలి. ఏ కాపీ చూసినా అందులో సగం పాతదే."

విప్పేది ఒక ప్రోటీను. రాసేది ఇంకొకటి. విప్పిన దారాలు మళ్లీ అంటుకోకుండా పట్టుకునేవి కొన్ని. సారుకు వాటి మీదే మక్కువ. "పరీక్షలో వీటి పేరు రాసేవాడే ఉండడండీ. ఇవి చెయ్యి వదిలితే పనంతా ఆగిపోతుంది" అనేవారు.

వైరస్‌ల బొమ్మ తెచ్చిన రోజు భాయ్ కూడా విన్నాడు.

"చిన్న వైరస్ మన హాస్టలు కుర్రాడి లాంటిదండీ. తలుపు తీసే తాళంచెవి ఒక్కటే జేబులో వేసుకొస్తుంది. పొయ్యీ గిన్నెలూ వంటమనిషీ అన్నీ కణానివే. పెద్ద వైరస్‌లైతే సగం సామాను వెంట తెచ్చుకుంటాయి."

"కిరాయి సుత ఇయ్యవా సార్?"

"కిరాయా? చాలావరకు పోతూపోతూ ఇల్లే కూల్చి పోతాయి భాయ్."

ఒకసారి సారు ఏదో తొందరలో ఉండి బొమ్మ ఇచ్చేసి వెళ్లారు. పక్కన కూర్చోలేదు. విప్పిన దారాల పక్కన కొత్త గీతలు రెండున్నాయి. పై గీత ఎక్కడా తెగకుండా ఉంది. కింది గీత ముక్కలు ముక్కలుగా, మధ్యమధ్య ఖాళీలతో ఉంది. తొందరలో పెన్సిలు ఎగిరిందనుకున్నాను. స్కేలు పెట్టి ఖాళీలన్నీ కలిపేశాను. నీటుగా వచ్చిందని నాకే ముచ్చటేసింది. నలభై కాపీలు తీసి పైకి పంపాను.

మర్నాడు సారు ఆ కాగితం పట్టుకుని దిగివచ్చారు.

"ఏంటండీ, నేనిచ్చినప్పుడే కింది గీత కలిసి ఉందా?"

షాపు నిండా జనం. భాయ్ నావైపే చూస్తున్నాడు.

"కలిసే ఉండె సార్" అన్నాను.

సారు కాగితాన్ని మడిచారు. "అయితే పొరపాటు నాదే" అన్నారు. పైకెళ్లి క్లాసులోనూ అదే చెప్పారట. ఆ సాయంత్రం మెట్లు దిగుతూ ఒకడు అంటుంటే విన్నాను. "గా బొమ్మ సుత సక్కగ గీయరాదు. ఈయన మనకేం చెప్తడు రా." మరుసటి వారం నుంచి ఆరుగురు రాలేదు.

ఆ తర్వాత సారు తెచ్చిన బొమ్మలో ప్రతి ఖాళీ దగ్గరా సన్నగా పెన్సిలుతో రాసి ఉంది: "ఇక్కడ వదలండి."

సారుకు తెలుసు. అయినా ఎప్పటిలాగే అట్టపెట్టె మీద కూర్చున్నారు.

"రాసే ప్రోటీనుకు ఒక్క దిక్కే తెలుసండీ. దారాలేమో ఎదురెదురుగా ఉంటాయి. ఒకదాని మీద ఏకబిగిన రాసుకుపోతుంది. రెండోదాని మీద కొంచెం రాసి ఆగి, మళ్లీ విప్పుతున్న చోటికొచ్చి ఇంకో ముక్క రాస్తుంది. ముక్కల్ని అతికేది వేరే ఉంది. అది తర్వాత వస్తుంది. తొందరపడకూడదు."

అప్పుడే చెప్పాల్సింది. మూడేళ్లు చెప్పాలనుకుంటూనే ఉన్నాను. మెట్లెక్కి మూడో అంతస్తు దాకా పోయి దిగివచ్చిన రోజులున్నాయి.

పోయే ముందు ఆదివారం దవాఖానకు వెళ్లాను. సారు నిద్రలో ఉన్నారు. ముక్కుకు గొట్టం. వాళ్లావిడ "మీరెవరండీ?" అనడిగింది. "జిరాక్స్" అన్నాను. సారు లేస్తే చెబుదామని కూర్చున్నాను. టైమైపోయిందని పంపించేశారు. పంజాగుట్ట నుంచి నడిచి వచ్చాను.

శుక్రవారం నాలుగో అంతస్తులో సంతాప సభ పెట్టారు. పాతవాళ్లు కొందరు, ఈ బ్యాచ్ వాళ్లంతా వచ్చారు. ఆ గదిలో నేను అడుగుపెట్టడం అదే మొదలు. భాయ్ వెనక నుంచి తట్టాడు. "పో చాచా, జర రెండు మాటలు చెప్పు."

ముందుకు వెళ్లాను. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద రెండు దారాలు గీశాను. పైన ఎక్కడా తెగని గీత ఒకటి. కింద ముక్కలు, వాటి మధ్య ఖాళీలు.

"సార్ గిట్లనే గీసిండు" అన్నాను. "మూడేండ్ల కిందటి బ్యాచ్ కాయితంల ఈ ఖాళీలు కలిపింది నేను. సార్ అడిగితే అబద్ధం చెప్పిన."

తిరిగి వాళ్ల మొహాలు చూడలేక బోర్డు వైపే నిలబడ్డాను. కాసేపటికి వెనక నోటుబుక్కు తెరిచిన చప్పుడైంది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత గదంతా పెన్నుల చప్పుడు.